వడ్డీ ఎంత అని కాదు, దేని మీద అని అడగండి



లెక్కలంటే మనలో చాలామందికి బడిలో చదువుకునే రోజుల నుంచీ ఒక జంకు. కానీ ఒక్కసారి ఆలోచించి చూడండి. కిలో కందిపప్పు ధర చెబితే ముప్పావు కిలో ఎంతవుతుందో మనం కాగితం ముట్టుకోకుండానే చెప్పేస్తాం. పాలవాడు నెలలో ఏయే రోజులు రాలేదో కాలెండరు మీద గుర్తుపెట్టి, ఒకటో తారీఖున పైసలతో సహా లెక్క తేలుస్తాం. పదిమంది చుట్టాలు దిగితే ఎసట్లో ఎన్ని సోలల బియ్యం పొయ్యాలో చెయ్యే చెబుతుంది. ఇవన్నీ లెక్కలు కావూ? మరి 'వడ్డీ' అన్న మాట వినబడేసరికి మాత్రం, "ఆ సంగతి ఆయన్ని అడగండి" అని వంటింట్లోకి వచ్చేస్తాం. తీరా సంతకం కావలసి వచ్చినప్పుడు మనమే పెడతాం. తాకట్టుకు వెళ్ళేవి మన గాజులే. వాయిదా డబ్బుకు ఏ పోపులడబ్బాలోనో వెతుక్కునేదీ మనమే.

అందుకని ఈ రోజు ఆ వడ్డీ లెక్కే నాలుగైదు రకాలుగా చేసి చూద్దాం. గుణకారం, భాగహారం వస్తే చాలు. ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. పొయ్యి మీద ఏదైనా వుంటే మంట తగ్గించి రండి.

ముందుగా మనకు డబ్బు వచ్చే లెక్క. నెలకు 2,000 రూపాయల చొప్పున ఏడాదిపాటు బ్యాంకులో రికరింగు డిపాజిట్టు కట్టారనుకుందాం. వడ్డీ ఏడాదికి నూటికి 6. మొత్తం కట్టినది 24,000. నూటికి ఆరు చొప్పున 1,440 రావాలని మనం అనుకుంటాం. బ్యాంకువాళ్ళు చేతిలో పెట్టేది 780కి కాస్త పైన. "అదేమిటమ్మా, సగం మింగేశారు!" అని కౌంటరు దగ్గర గట్టిగా అడిగేవాళ్ళు వున్నారు. అడగడం మంచిదే. అయితే ఇక్కడ బ్యాంకువాళ్ళ తప్పేమీ లేదు. మొదటి నెల కట్టిన రెండువేలు పన్నెండు నెలలూ వాళ్ళ దగ్గర వున్నది. రెండో నెలది పదకొండు నెలలే వున్నది. ఆఖరి నెలలో కట్టినది ఒక్క నెలే వున్నది. ఇరవైనాలుగువేలూ ఏడాది పొడుగునా వాళ్ళ దగ్గర ఎక్కడున్నాయి?

ఇదంతా షామియానా కొట్టువాడి లెక్క లాంటిది. పెళ్ళికి నూరు కుర్చీలు తెప్పించారు. ముహూర్తం అయిపోగానే అరవై పంపించేశారు, నలభై మాత్రం మర్నాడు సత్యనారాయణ వ్రతం దాకా వుంచుకున్నారు. కొట్టువాడు రెండో రోజుకు కూడా నూరు కుర్చీలకూ అద్దె వేస్తే ఊరుకుంటామా? "వెనక్కి పంపిన కుర్చీలకు అద్దె ఏమిటయ్యా" అని వీధిలో నిలబెట్టి అడుగుతాం. రూపాయి కూడా అటువంటి అద్దె వస్తువే. వడ్డీ అంటే దాని అద్దె. ఎన్ని రూపాయలు, ఎన్ని నెలలు మన దగ్గర వున్నాయో అన్నిటికే అద్దె. దీనికి 'రూపాయి-నెల' అని పేరు పెట్టుకుందాం. ఒక రూపాయి ఒక నెల వుంటే ఒక రూపాయి-నెల. బ్యాంకు గుమాస్తాలు పాత రోజుల్లో ఇటువంటి లెక్కనే 'ప్రొడక్టు' అనేవారు.

ఇప్పుడు చిన్న కిటుకు చెబుతాను. ప్రతినెలా సమానంగా కట్టే సొమ్ముకు రూపాయి-నెలలు తెలుసుకోవాలంటే పన్నెండు వరసలు రాయనక్కరలేదు. వాయిదాల సంఖ్యకు ఒకటి కలిపి సగం చెయ్యండి. దానితో మొత్తం సొమ్మును గుణించండి. పన్నెండు వాయిదాలకు ఒకటి కలిపితే పదమూడు, అందులో సగం ఆరున్నర. 24,000ను ఆరున్నరతో గుణిస్తే 1,56,000 రూపాయి-నెలలు. ఏడాదికి నూటికి 6 అంటే నెలకు అర్ధరూపాయి. 1,56,000కు నూటికి అర్ధరూపాయి చొప్పున 780. బ్యాంకువారు మూడు నెలలకొకసారి వడ్డీని అసలులో కలుపుతారు కనుక ఇంకో పది రూపాయల దాకా ఎక్కువ వస్తుంది. అంతే తేడా.

పొదుపు ఖాతా వడ్డీ కూడా ఇదే పద్ధతి. మన పెద్దవాళ్ళు, "పదో తారీఖులోపల వెయ్యాలి, నెలాఖరు దాకా తియ్యకూడదు" అంటూ వుండేవారు. అది ఊరికే అన్నమాట కాదు. పదో తారీఖు నుంచి నెలాఖరు వరకు ఖాతాలో ఏ రోజు అన్నిటికంటె తక్కువ వుంటే దాని మీదే అప్పట్లో వడ్డీ. 2010 ఏప్రిల్ 1 నుంచి ఏ రోజు నిలవకు ఆ రోజు లెక్క కడుతున్నారు. అందుచేత ఇరవయ్యో తారీఖున వచ్చిన డబ్బును కూడా ఇంట్లో వుంచక ఖాతాలో వేసుకోవచ్చు.

సరే, డిపాజిట్టు దగ్గర "సగమే ఇచ్చారేం" అని పోట్లాడిన మనం, అప్పు దగ్గరకు వచ్చేసరికి నోరెత్తం. అసలు విషయం అక్కడే వుంది.

ఇంట్లో కుట్టు మిషనులు పెట్టుకుందామని ఒకావిడ 60,000 అప్పు తీసుకుందనుకోండి. "వడ్డీ పన్నెండు శాతమేనమ్మా, రెండేళ్ళలో తీర్చెయ్యవచ్చు" అన్నారు. లెక్క ఇలా చూపించారు: అరవైవేలకు ఏడాదికి 7,200, రెండేళ్ళకు 14,400. అసలుతో కలిపి 74,400. ఇరవైనాలుగు వాయిదాలు, నెలకు 3,100. గుణకారంలో తప్పు లేదు, కూడికలో తప్పు లేదు. కాగితం శుభ్రంగా వుంది. సంతకం పెట్టేసింది.

కానీ చూడండి, ఆ అరవైవేలూ రెండేళ్ళపాటు ఆవిడ దగ్గర వున్నాయా? మొదటి నెల నుంచే అసలులో కొంత వెనక్కి ఇస్తూ వస్తోంది. ఏడాది తిరిగేసరికి ఇంచుమించు సగం ఇచ్చేసింది. ఆఖరి నెలలో ఆవిడ చేతిలో వున్న అప్పు మూడువేల చిల్లర. వడ్డీ మాత్రం ఆ నెలకూ అరవైవేల మీదే! పంపించేసిన కుర్చీలకు అద్దె కడుతోందన్నమాట. దీనికి ఫ్లాటు రేటు అని ముద్దుపేరు.

మన కిటుకుతో చూద్దాం. ఇరవైనాలుగుకు ఒకటి కలిపితే ఇరవైఐదు, సగం పన్నెండున్నర. 60,000ను పన్నెండున్నరతో గుణిస్తే 7,50,000 రూపాయి-నెలలు. కట్టిన వడ్డీ 14,400. నూటికి ఎంత పడిందో తెలియాలంటే వడ్డీని నూరుతో గుణించి రూపాయి-నెలలతో భాగించాలి. నెలకు 1 రూపాయి 92 పైసలు వచ్చింది. ఏడాదికి 23. పన్నెండు శాతం అనుకున్నది ఇరవైమూడు అయి కూర్చుంది.

గురి తప్పకుండా లెక్క కట్టేవారు దీన్ని 23 అనరు, ఇంచుమించు 21న్నర అంటారు. తేడా ఎందుకంటే, మన కిటుకు అసలు ప్రతినెలా సమానంగా తగ్గుతుందని అనుకుంటుంది. నిజానికి మొదటి నెలల వాయిదాలో వడ్డీ పాలు ఎక్కువ, అసలు మెల్లగా తగ్గుతుంది. అందుచేత మన అంచనా ఒకటి రెండు పాళ్ళు ఎక్కువే చూపిస్తుంది. కూరలో ఉప్పు చూసినట్టే అనుకోండి. వున్నదీ లేనిదీ నాలికకు తెలిస్తే చాలు, తూకం వెయ్యనక్కరలేదు.

మరి న్యాయమైన పన్నెండు శాతం ఎలా వుంటుంది? తగ్గుతున్న అసలు మీద నెలకు నూటికి రూపాయి. 60,000కు ఇరవైనాలుగు నెలల వాయిదా 2,824 పడుతుంది. మొదటి నెల వడ్డీ 600, కనుక అసలులో జమ అయ్యేది 2,224. మిగిలిన అసలు 57,776. రెండో నెల వడ్డీ 578, అసలుకు 2,246. మిగిలింది 55,530. మూడో నెల వడ్డీ 555. ఇలా వడ్డీ నెలనెలా తగ్గుతూ, అసలుకు చెల్లేది పెరుగుతూ పోతుంది. 3,100కూ 2,824కూ తేడా నెలకు 276 రూపాయలు. రెండేళ్ళలో 6,600 దాటింది. రెండు చోట్లా చెప్పిన మాట పన్నెండు శాతమే! అందుకే "వడ్డీ ఎంత?" అన్న ప్రశ్న చాలదంటున్నాను. "దేని మీద? తీసుకున్న అసలు మీదా, మిగిలిన అసలు మీదా?" అని అడగాలి. ఈ రెండో ప్రశ్న ఆడవాళ్ళ నోటివెంట వస్తే అవతలివాళ్ళు ఒక్క క్షణం తడబడతారు. తడబడనివ్వండి.

ఇక 'వడ్డీ లేని వాయిదాలు' అనే దానిని చూద్దాం. పండగ వచ్చిందంటే ప్రతి కొట్టు ముందూ ఈ బోర్డు. ఫ్రిజ్జు 30,000. నెలకు మూడువేల చొప్పున పది వాయిదాలు, మొదటిది ఈ రోజే కట్టాలి. పదిమూళ్ళు ముప్ఫై, సరిపోయింది, వడ్డీ ఎక్కడా లేదు. అయితే అదే కొట్టులో, "రొక్కం ఇస్తే ఎంతకిస్తారు?" అని అడగండి. 28,000 అన్నారనుకోండి. ఫ్రిజ్జు అసలు ధర అదే. ఈ రోజు మూడువేలు కట్టేశారు కనుక మీరు అరువు పెట్టినది 25,000. తొమ్మిది వాయిదాల్లో ఇచ్చేది 27,000. రెండువేలు వడ్డీ కాక మరేమిటి? తొమ్మిదికి ఒకటి కలిపితే పది, సగం ఐదు. 25,000ను ఐదుతో గుణిస్తే 1,25,000. రెండువేలకు నూటికి నెలకు 1 రూపాయి 60 పైసలు, ఏడాదికి 19. సున్నా వడ్డీ అనే మాటే లేదని 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు కూడా బ్యాంకులకు గట్టిగానే చెప్పింది. అయినా పండగల్లో బోర్డులు రకరకాల పేర్లతో వేలాడుతూనే వుంటాయి.

కొనవద్దని నేననను. చేతిలో రొక్కం లేదు, ఎండాకాలం నెత్తిమీదికొచ్చింది, ఇంట్లో చంటిపిల్లవాడున్నాడు. రెండువేలు ఎక్కువైనా తెలిసి ఇస్తే అది మన ఇష్టం. ఏమీ ఇవ్వలేదనుకుంటూ ఇస్తేనే నాకు కష్టంగా వుంటుంది.

అన్నిటికంటె ప్రమాదమైనది రోజువారీ అప్పు. కూరగాయల బండివాళ్ళు, ఇస్త్రీవాళ్ళు, ఇళ్ళల్లో జాకెట్లు కుట్టేవాళ్ళు ఎక్కువగా తీసుకుంటారు. మన ఇంట్లో పనిచేసే అమ్మాయిని అడగండి, చెబుతుంది. పదివేలు అప్పు. అందులో వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిదివేలు చేతిలో పెడతారు. రోజుకు నూరు చొప్పున నూరు రోజులు కట్టాలి. "నూటికి పదేగా, ఎంతలే" అనిపిస్తుంది. కానీ ఆ పది ఏడాదికి కాదు, మూడు నెలల పది రోజులకు. చేతికి వచ్చినదేమో పదివేలు కాదు, తొమ్మిదివేలు. అదీ మర్నాటి నుంచే తరుగుతోంది. లెక్క కడదాం. నూటికి ఒకటి కలిపి సగం చేస్తే యాభైన్నర. 9,000ను యాభైన్నరతో గుణిస్తే 4,54,500, ఇవి రూపాయి-రోజులు. వడ్డీ వెయ్యి. నూరు రూపాయలకు రోజుకు 22 పైసలు. నెలకు ఆరు రూపాయల అరవై పైసలు. ఏడాదికి 80! గట్టిగా లెక్కవేసినా 77కు తగ్గదు.

ఊళ్ళో ఎవరైనా "నూటికి ఆరు రూపాయల వడ్డీ" అంటే, "అమ్మో, రక్తం పీల్చేస్తున్నాడు" అని మనమే బుగ్గలు నొక్కుకుంటాం. రోజుకు నూరు అంటే మాత్రం తేలిగ్గా కనబడుతుంది. మీ దగ్గర పనిచేసేవాళ్ళు అటువంటి అప్పులో వున్నారని తెలిస్తే, తొమ్మిదివేలు మీరే సర్ది నెలకింత జీతంలో పట్టుకోవచ్చునేమో ఆలోచించండి. మీకు పోయేదేమీ వుండదు, ఆ మనిషికి మాత్రం వెయ్యి మిగులుతుంది.

ప్రోనోటు సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. మన తెలుగునాట వడ్డీని ఏడాదికి ఇంతశాతం అని చెప్పుకోవడం తక్కువ. "రెండు రూపాయల వడ్డీ" అంటాం. నూటికి నెలకు రెండు. ఏడాదికి ఇరవైనాలుగు. ముందు ఈ పన్నెండుతో గుణించడం అలవాటు చేసుకోండి. రెండు రూపాయల వడ్డీకి అసలంత వడ్డీ కావడానికి యాభై నెలలు చాలు, అంటే నాలుగేళ్ళ రెండు నెలలు. మూడు రూపాయలైతే ముప్ఫైమూడు నెలలు. నూటిని వడ్డీ రూపాయలతో భాగిస్తే ఆ నెలలు తెలుస్తాయి.

ఇప్పుడొక ఇల్లాలి లెక్క. పెద్దమ్మాయి పెళ్ళికి 50,000 ప్రోనోటు మీద తెచ్చారు. రెండు రూపాయల వడ్డీ. "చక్రవడ్డీ కాదండీ, బారువడ్డీయే" అని ఇచ్చినాయన భరోసా. మూడేళ్ళు ఏమీ కట్టలేకపోయారు. ప్రోనోటుకు మూడేళ్ళే కాలపరిమితి కనుక ఇచ్చినాయన గడువులోపలే వచ్చి, "నోటు తిరగరాద్దాం" అన్నాడు. నెలకు వెయ్యి చొప్పున ముప్ఫైఆరు నెలలకు వడ్డీ 36,000. అసలుతో కలిపి 86,000కు కొత్త నోటు రాశారు. చూశారా, ముప్ఫైఆరువేల వడ్డీ కలం పోటుతో అసలైపోయింది! మరో మూడేళ్ళకు 86,000 మీద వడ్డీ 61,920. మొత్తం బాకీ 1,47,920. తిరగరాయకుండా యాభైవేల మీదే ఆరేళ్ళూ బారువడ్డీ వేసివుంటే బాకీ 1,22,000. తేడా 25,920. చక్రవడ్డీ కాదన్నారు, అయింది. మూడేళ్ళకొకసారి తిరిగే చక్రం కూడా చక్రమే కదా.

తిరగరాసే రోజున ఇంటావిడ అడగవలసినది ఒకటుంది. "పాత అసలు ఇంత, పాత వడ్డీ ఇంత అని విడివిడిగా రాయండి. వడ్డీ అసలు మీదే నడవాలి" అని. ఒప్పుకుంటారా లేదా అన్నది తరవాత. అడగకపోతే ఎలాగూ ఒప్పుకోరు. వీలైతే ఆ రోజు వడ్డీలో పదివేలైనా కట్టి, అంతమేరకు తక్కువకు రాయించాలి. పాత నోటు వెనక్కి తీసుకుని దాని మీద 'చెల్లు' రాయించుకోవడం మరిచిపోకూడదు. పాతదీ కొత్తదీ రెండూ ఆయన పెట్టెలో వుండకూడదు.

వడ్డీ అసలును మించిపోకూడదన్నది మన దేశంలో చాలా పాత న్యాయం. 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చినప్పుడు అందులోనూ ఈ నియమం పెట్టారు. వారంవారం వాయిదాలు కట్టలేక ఆడవాళ్ళు పడిన అవస్థలు ఆనాటి పత్రికలు చదివినవారికి గుర్తుండే వుంటాయి. వాళ్ళలో చాలామందికి చెప్పినది కూడా ఆ ఫ్లాటు రేటు మాటే.

ఇక చీటీల గురించి ఒక్క మాట అనుకుని రెండు మాటలు చెబుతాను, ఎందుకంటే చీటీ లేని వీధి లేదు. ఇరవైమంది, ఇరవై నెలలు, నెలకు 5,000. లక్ష రూపాయల చీటీ. నిర్వాహకుడికి నూటికి ఐదు కమీషను. పాడుకున్నవారికి కూడా లాభం పంచే చీటీ అనుకుందాం. ఇరవై నెలల్లోనూ తలకు పంచిన లాభం మొత్తం 14,000 అయితే, ప్రతి సభ్యురాలూ కట్టినది 86,000. ఆఖరున తీసుకున్నావిడకు 95,000 వస్తుంది. లాభం 9,000. ఆవిడ కట్టిన మొదటి కంతు పంతొమ్మిది నెలలు ఆగింది, చివరిది అసలు ఆగలేదు. సగటున తొమ్మిదిన్నర. 86,000ను తొమ్మిదిన్నరతో గుణిస్తే 8,17,000. నూటికి నెలకు 1 రూపాయి 10 పైసలు. ఏడాదికి 13. బాగానే వుంది.

అదే చీటీని మూడో నెలలోనే, అవసరం తరుముకొచ్చి, ముప్ఫైవేలు తగ్గించి పాడుకున్నావిడ సంగతి చూడండి. చేతికి 70,000. అందులో అప్పటికే కట్టిన మూడు కంతులు, సగటున 12,900, ఆవిడ సొంత సొమ్మే. కాబట్టి నిజంగా తీసుకున్న అప్పు 57,100. మిగిలిన పదిహేడు కంతుల్లో కట్టేది 73,100. వడ్డీ 16,000. పదిహేడుకు ఒకటి కలిపి సగం చేస్తే తొమ్మిది. 57,100ను తొమ్మిదితో గుణిస్తే 5,13,900. నూటికి నెలకు మూడు రూపాయల పైన. ఒకే చీటీ ఒకావిడకు డిపాజిట్టు, ఇంకొకావిడకు మూడు రూపాయల అప్పు. పాట పాడేటప్పుడు పక్కావిడ మీద పంతం కొద్దీ పెంచేవాళ్ళను చూస్తుంటాను. ఆ పంతం ఖరీదు ఇదీ. ముందుగా ఇంట్లో ఈ లెక్క వేసుకుని, "ఇంతకు మించి తగ్గించను" అని ఒక గీత గీసుకుని వెళ్ళాలి.

ఇక్కడ లెక్కకు అందనిది ఒకటి వుంది. నిర్వాహకుడు ఆఖరు దాకా వుంటాడా అన్నది. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం కింద రిజిస్టరైన చీటీ అయితే అడగడానికి ఒక ఆఫీసంటూ వుంటుంది. నిర్వాహకుడి కమీషనుకు హద్దు వుంది. ఆ చట్టంలో ఐదు శాతంగా వున్నదానిని 2019 సవరణలో ఏడుకు పెంచారు. వీధిలో నమ్మకం మీద వేసే చీటీకి ఇవేవీ వుండవు. ఆ పదమూడు శాతం ఆశకు నగలమ్మిన సొమ్మంతా అక్కడ పొయ్యకండి.

ఈ లెక్కలు కొత్తవనుకునేరు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యులు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహంలో అసలు, వడ్డీ, కాలం కలగలిసిన లెక్కలు కోకొల్లలు. ఆ గ్రంథాన్ని మన పావులూరి మల్లన తెలుగులో పద్యాలుగా చెప్పాడు. అంటే తెలుగువాళ్ళు కావ్యాలతో పాటు గణితం కూడా పద్యంలో చదువుకున్నారన్నమాట. అప్పటి త్రైరాశికం, పంచరాశికం మన తాతలకు నోటికి వచ్చు. మన అమ్మమ్మలకు ఎవరూ నేర్పలేదు. అదొక్కటే లోటు.

ఇప్పుడు మనకు అక్కరకొచ్చే మార్పు ఒకటి వచ్చింది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, రిజర్వు బ్యాంకు అదుపులో వున్న అప్పుల కంపెనీలు, మనలాంటివారికి ఇచ్చే ప్రతి కొత్త అప్పుకూ ముఖ్యమైన వివరాలన్నీ ఒక పత్రం మీద రాసి ముందే ఇవ్వాలి. అది మనకు అర్థమయ్యే భాషలో వుండాలి. వడ్డీతో పాటు ప్రాసెసింగు రుసుము లాంటి ఖర్చులన్నీ కలిపి ఏడాదికి నిజంగా నూటికి ఎంత పడుతుందో ఆ పత్రంలో ఒక అంకె వుంటుంది. దాన్ని వార్షిక శాతం రేటు అంటారు. మనం ఇందాకటి నుంచీ కష్టపడి తేల్చినది ఆ అంకెనే. సంతకానికి ముందు ఆ పత్రం అడిగి తీసుకోండి. ఆ అంకె మీద వేలు పెట్టి, "ఇదేనా?" అని అడగండి. ఫోనులో నిమిషంలో అప్పు ఇస్తామనేవాళ్ళు ఆ పత్రం చూపించకపోతే అక్కడితో ఆపెయ్యండి. షరాబు దగ్గరా, వీధి చివర వడ్డీవ్యాపారి దగ్గరా ఆ పత్రం వుండకపోవచ్చు. అక్కడ మన పెన్సిలే దిక్కు.

ఇంటి పద్దుపుస్తకంలో పాలు, కూరలు రాసుకుంటాం కదా. వెనక నాలుగు కాగితాలు అప్పులకు కేటాయించండి. తారీఖు, కట్టినది, అందులో వడ్డీ ఎంత, అసలుకు ఎంత, మిగిలిన అసలు. అయిదు గళ్ళు. రశీదులు అదే పేజీకి గుండుసూదితో గుచ్చెయ్యండి. బంధువుల అప్పుకు హామీ సంతకం పెట్టినా అది కూడా అక్కడ రాయాలి. వాళ్ళు కట్టకపోతే కట్టవలసినది మనమే కనుక అది మన పద్దే. మగవారు, "ఇదంతా నీకెందుకు" అంటే కోపగించుకోనక్కరలేదు. ఒక నెల రాసి చూపించండి, మరుసటి నెల వారే వచ్చి, "ఎంత మిగిలింది?" అని అడుగుతారు.

చివరిగా మీకోసం ఒక లెక్క వదిలి వెళుతున్నాను. గ్రైండరూ, మిక్సీ, చిన్న టీవీ కలిపి 18,000కు అప్పు. పద్ధెనిమిది శాతం ఫ్లాటు రేటు, ఏడాదిలో పన్నెండు వాయిదాలు. వాయిదా 1,770 అన్నారు. నూటికి నెలకు ఎంత పడిందో తేల్చండి. 2 రూపాయల 77 పైసలు వస్తే మీ లెక్క సరిపోయినట్టే. 1 రూపాయి 50 పైసలు వస్తే మాత్రం కుర్చీల అద్దె దగ్గరికి మళ్ళీ వెళ్ళండి.